జర్మనీలో మాస్టర్స్ చేస్తూ ఏ1 జర్మన్ కోర్సు: సీటు దగ్గర్నుంచి పరీక్ష దాకా

ఇంగ్లీషు మీడియం మాస్టర్స్‌లో చేరి జర్మనీ వచ్చిన తెలుగు విద్యార్థికి జర్మన్ రాకపోయినా క్లాసులు ఆగవు. అద్దె ఒప్పందం మీద సంతకం, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు, పార్ట్‌టైమ్ పని, చదువయ్యాక ఉద్యోగం దగ్గర మాత్రం ఆగిపోతాం. వీటన్నిటికీ దారి యూనివర్సిటీలోనే ఉంది. ప్రతి పెద్ద యూనివర్సిటీకీ ఒక భాషా కేంద్రం ఉంటుంది. అక్కడ దాన్ని ష్ప్రాఖెన్‌త్సెంట్రుమ్ అంటారు. సొంత విద్యార్థులకు చాలాచోట్ల కోర్సు ఉచితం, లేకపోతే బయటి సంస్థలతో పోలిస్తే చాలా తక్కువ ఫీజు. భాషా స్థాయిల్లో (ఏ1, ఏ2, బీ1, ఆపైన) మొదటిదైన ఏ1 చిన్న స్థాయే అయినా కాగితం మీద దానికి విలువ ఉంది. బ్లూ కార్డు (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద పనిచేసేవాళ్లు ఏ1 ఉంటే 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

కోర్సు మొదలయ్యేముందే ఒక నిర్ణయం తీసుకోండి. జర్మన్‌ను ఇంగ్లీషు గుండా కాదు, తెలుగు గుండా నేర్చుకోండి. ఇంగ్లీషుకు, జర్మన్‌కు చుట్టరికం ఉన్న మాట నిజమే, మాటలు కూడా బాగా కలుస్తాయి. కానీ విభక్తులు, వాక్యం చివర నిలబడే క్రియ, నువ్వు-మీరు తేడా, పొడుగు-పొట్టి అచ్చులు తెలుగువాడి నోట్లో పుట్టుకతోనే ఉన్నాయి. క్లాసులో కూర్చోగానే వాటిని పక్కన పెట్టి, ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో అనుకుని తర్వాత జర్మన్‌లోకి మార్చడం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. తెలుగు ఎక్కడెక్కడ పనికొస్తుందో కింద చెబుతాం. ముందు సీటు సంగతి.

సీటు ఎలా పట్టాలి

శీతాకాలపు సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. క్లాసులు మాత్రం అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి, రెండో వారం దాకానే. వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా, క్లాసులు ఏప్రిల్ మధ్య నుంచి జులై దాకా. భాషా కోర్సుల రిజిస్ట్రేషన్ క్లాసులు మొదలవడానికి కొద్ది వారాల ముందో, ఆ వారంలోనో తెరుచుకుంటుంది. తేదీతో పాటు గంట కూడా ముందే ప్రకటిస్తారు. ఏ1 బ్యాచ్‌లకు గిరాకీ ఎక్కువ కాబట్టి, ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి ఉన్నచోట సీట్లు నిమిషాల్లో అయిపోతాయి. కొన్నిచోట్ల లాటరీ తీస్తారు. మీ యూనివర్సిటీలో ఏ పద్ధతో భాషా కేంద్రం పేజీలో చూసి, ఆ గంటను ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మన దేశంలో ఉండగానే రిజిస్టర్ చేసేవాళ్లు టైమ్ తేడా మరవద్దు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా జర్మనీ మనకన్నా మూడున్నర గంటలు వెనక, మిగతా కాలం నాలుగున్నర గంటలు వెనక.

ఇక్కడ మనవాళ్లకు తగిలే దెబ్బ ఒకటుంది. రిజిస్టర్ చేయాలంటే యూనివర్సిటీ లాగిన్ కావాలి. లాగిన్ రావాలంటే ఇమాట్రికులేషన్, అంటే యూనివర్సిటీలో విద్యార్థిగా పేరు నమోదు, పూర్తి కావాలి. అది పూర్తి కావాలంటే ఆరోగ్య బీమా ధ్రువీకరణ, సెమిస్టర్ ఫీజు రెండూ అంది ఉండాలి. వీసా ఆలస్యమై ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా భాషా కోర్సు సీటు పోతుంది. అందుకే అడ్మిషన్ లెటర్ రాగానే బీమా, ఫీజు పనులు ముగించండి. ఇవి రెండూ హైదరాబాద్‌లో కూర్చునే చేయొచ్చు.

సీటు వచ్చినా మొదటి క్లాసుకు వెళ్లకపోతే చాలాచోట్ల దాన్ని వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తారు. ఫ్లైట్ ఆలస్యమైతే క్లాసుకు ముందే టీచర్‌కి ఈమెయిల్ పెట్టండి, తర్వాత పెడితే లాభం లేదు. ఇదే నియమం వెయిటింగ్ లిస్టు వాళ్లకు వరం. సీటు దొరకకపోతే ఊరుకోవద్దు. మొదటి క్లాసుకు వెళ్లి వెనక కూర్చోండి, రానివాళ్ల సీట్లు అక్కడే పంచుతారు.

టైమ్‌టేబుల్‌లో 10–12 అని ఉండి పక్కన సి.టి. అని రాసి ఉంటే క్లాసు 10:15కి మొదలై 11:45కి ముగుస్తుంది. ఎస్.టి. అని ఉంటే సరిగ్గా 10 గంటలకే. ఈ రెండక్షరాల తేడా తెలియక మొదటి రోజే పావుగంట ఆలస్యంగా వెళ్లేవాళ్లున్నారు.

ఏ బ్యాచ్‌లో చేరాలి

ఏ1ని సాధారణంగా ఏ1.1, ఏ1.2 అని రెండు సెమిస్టర్లకు పంచుతారు. ఒక్క అక్షరం కూడా రానివాళ్లకు ప్లేస్‌మెంట్ పరీక్ష ఉండదు, నేరుగా ఏ1.1. హైదరాబాద్‌లో భాషల యూనివర్సిటీ ఇఫ్లూలోనో, జర్మన్ నేర్పే గోఠె సెంటర్‌లోనో కొంత నేర్చుకుని వచ్చినవాళ్లు పరీక్ష రాసి పై బ్యాచ్‌లో చేరడమే మంచిది. తేలిగ్గా మార్కులొస్తాయని మళ్లీ ఏ1.1లో కూర్చుంటే ఒక సెమిస్టర్ పోతుంది. మాస్టర్స్‌లో ఉన్నవే నాలుగు. అలాగని ఆన్‌లైన్ పరీక్షలో పక్కనున్నవాళ్ల సాయం తీసుకుని ఏ2లో చేరితే మూడో వారానికే క్లాసు అర్థం కాదు, అప్పటికి కింది బ్యాచ్‌లు నిండిపోయి ఉంటాయి.

మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. శీతాకాలంలో ఏ1.1, ఫిబ్రవరి–మార్చి సెలవుల ఇంటెన్సివ్‌లో ఏ1.2, వేసవిలో ఏ2.1, ఆగస్టు–సెప్టెంబర్ ఇంటెన్సివ్‌లో ఏ2.2, ఆపైన రెండు సెమిస్టర్లలో బీ1. ఇలా వెళితే థీసిస్ ముగిసేసరికి బీ1 చేతిలో ఉంటుంది. సెలవుల ఇంటెన్సివ్ కోర్సులు రోజూ సగం పూట చొప్పున మూడు నాలుగు వారాలు నడుస్తాయి. ఆ వారాల్లో మీ మాస్టర్స్ పరీక్షలు లేవని ముందే చూసుకోండి.

గంటల లెక్క కూడా ముందే వేసుకోవాలి. కోర్సు వివరంలో 4 ఎస్‌డబ్ల్యూఎస్ అని ఉంటే వారానికి 45 నిమిషాల పీరియడ్లు నాలుగు, అంటే 90 నిమిషాల క్లాసులు రెండు. 15 వారాలకు 60 పీరియడ్లు, గడియారం లెక్కన 45 గంటలు. దానికి 4 ఈసీటీఎస్ క్రెడిట్లు ఇస్తున్నారంటే, క్రెడిట్‌కు 30 గంటల చొప్పున మీ నుంచి 120 గంటల శ్రమ ఆశిస్తున్నారు. క్లాసు పోగా 75 గంటలు, అంటే వారానికి ఇంటి దగ్గర 5 గంటలు. ఆ 5 గంటలు మీ టైమ్‌టేబుల్‌లో ఎక్కడున్నాయో చూపించలేకపోతే కోర్సు మధ్యలో వదిలేసే ప్రమాదం ఉంది.

ఈ క్రెడిట్లు మాస్టర్స్ డిగ్రీలో కలుస్తాయో లేదో మీ ప్రోగ్రామ్ పరీక్షా నిబంధనలు చూసి తేల్చుకోండి. కొన్ని ప్రోగ్రాములు భాషా కోర్సును ఐచ్ఛికంగా లెక్కిస్తాయి, కొన్ని అసలు లెక్కించవు. సీనియర్లు చెప్పింది వాళ్ల ప్రోగ్రాముకు నిజం కావొచ్చు, మీకు కాకపోవచ్చు.

మొదటి క్లాసు

పుస్తకం ముందే కొనొద్దు. ఏ1 మొత్తానికి ఒకే సంపుటంగా, ఏ1.1, ఏ1.2 సగాలుగా రెండు రకాలుగా అచ్చవుతాయి. ఎడిషన్లు మారితే పేజీ నంబర్లు మారతాయి. టీచర్ చెప్పాకే కొనండి. పాఠ్యపుస్తకం పాతది కొన్నా ఫర్వాలేదు. అభ్యాసాల పుస్తకం మాత్రం కొత్తదే కొనాలి, పాతదాంట్లో ఖాళీలన్నీ ఎవరో నింపేసి ఉంటారు.

క్లాసులో చైనా, ఇరాన్, బ్రెజిల్, ఇటలీ వాళ్లంతా కలిసి ఉంటారు. అందువల్ల టీచర్ మొదటి రోజు నుంచే జర్మన్‌లో మాట్లాడతారు. సగం అర్థం కాకపోతే కంగారు పడక్కర్లేదు, అది పద్ధతే. టీచర్‌ని మేడమ్, సర్ అనరు. ఇంటిపేరుకు ముందు ఆడవాళ్లకు ఫ్రావ్, మగవాళ్లకు హెర్ చేర్చి పిలవాలి. మిమ్మల్ని కూడా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముంటే దానితోనే హాజరు పిలుస్తారు. ఇంటిపేరుతో పిలిపించుకోవడం మనకు అలవాటు లేదు కాబట్టి చెవి అప్రమత్తంగా పెట్టుకోండి.

మొదటి వారంలోనే మీ పేరు అక్షరం అక్షరం చెప్పడం వచ్చేయాలి. క్లాసులోనే కాదు, బ్యాంకులో, బీమా ఆఫీసుతో ఫోన్‌లో రోజూ అడుగుతారు. ఇంగ్లీషు అలవాటు ఇక్కడ నేరుగా అడ్డం వస్తుంది. మనం ఈ అని పిలిచే అక్షరాన్ని వాళ్లు ఏ అంటారు. మనం ఏ అనేదాన్ని ఆ అంటారు, ఐ అనేదాన్ని ఈ అంటారు. మనం వీ అనేది వాళ్లకు ఫావ్, డబ్ల్యూ వాళ్లకు వే. జే యోట్, వై ఉప్సిలోన్, జెడ్ త్సెట్. రెడ్డి అనే ఇంటిపేరు ఎర్, ఏ, డే, డే, ఉప్సిలోన్ అవుతుంది. వెంకట్ అయితే ఫావ్, ఏ, ఎన్, కా, ఆ, టే. మీ పేరు, ఇంటిపేరు, వీధి పేరు ఈ మూడింటినీ తడుముకోకుండా చెప్పగలిగేదాకా పైకి అనండి.

ఇంకో నాలుగు వాక్యాలు బట్టీ పట్టండి. వీ హైస్ట్ డస్ అవుఫ్ డొయిచ్ అంటే దీన్ని జర్మన్‌లో ఏమంటారు. వీ ష్రైప్ట్ మన్ డస్ అంటే దీన్నెలా రాస్తారు. ఇశ్ హాబె ఐనె ఫ్రాగె అంటే నాకో సందేహం. లఙ్‌జామర్ బిటె అంటే కాస్త నెమ్మదిగా. ఇవి నాలుగూ వస్తే క్లాసులో ఇంగ్లీషు అవసరం సగం తగ్గిపోతుంది.

నోరు తిప్పుకోవడం

ఇక్కడ జర్మన్ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నది దారి చూపడానికే. మీ నోటుబుక్కులో అలా రాసుకోకండి. రాసుకుంటే రెండు నెలల తర్వాత కూడా కన్ను తెలుగునే చదువుతుంది, స్పెల్లింగు ఎప్పటికీ రాదు. జర్మన్‌లో రాసినట్టే పలుకుతారు కాబట్టి నియమాలు పదిహేను నేర్చుకుంటే కొత్త మాటనైనా చదివేయొచ్చు.

కొన్ని ధ్వనులు మనకు ఉచితంగా వచ్చాయి. జెడ్ అక్షరం పలుకుబడి చలి, చుట్టం, చాప మాటల్లో మన పెద్దలు పలికే చ. రైలు అనే అర్థమున్న త్సూక్, సంఖ్య అనే అర్థమున్న త్సాల్ ఆ చతోనే మొదలవుతాయి. తెలుగులో ఇ, ఎ అచ్చుల ముందు ఆ చ మారిపోతుంది (చిలక, చెట్టు), జర్మన్‌లో మారదు. పది అనే అర్థమున్న త్సేన్‌ను చేన్ అనకూడదు. నేను అనే ఇశ్ చివర మెత్తటి శ దగ్గరి ధ్వని. బడి అనే షూలె మొదట్లో ముదురు ష. తెలుగులో శ, ష తేడా శ్రద్ధగా పలికేవాళ్లకు ఇది తేలిక. పుస్తకం అనే బూఖ్ చివరి ఖ హైదరాబాద్ ఉర్దూలో ఖబర్ అనేటప్పటి గొంతు రాపిడి.

పొట్టి అచ్చు, పొడుగు అచ్చు తేడా అర్థాన్నే మారుస్తుంది. ష్టట్ అంటే నగరం, ష్టాట్ అంటే రాజ్యం. ఒఫెన్ అంటే తెరిచి ఉంది, ఓఫెన్ అంటే పొయ్యి. తెలుగువాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు, చెవి దానంతటదే పడుతుంది.

కష్టపడాల్సినవి నాలుగు. ఒకటి, చుక్కల అచ్చులు. ఊ మీద చుక్కలున్నది పలకాలంటే నోట్లో ఈ అంటూ పెదాలు మాత్రం ఊకి పెట్టినట్టు పెట్టాలి. ఓ మీద చుక్కలున్నదానికి నోట్లో ఏ, పెదాలు ఓ. అద్దం ముందు రోజుకు రెండు నిమిషాలు చాలు. యూ, యో అని పలికితే తప్పు. రెండు, మాట చివర ఉకారం చేర్చడం. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక బస్సు, కారు అన్నట్టే జర్మన్ హల్లు తర్వాత కూడా ఉ జారిపోతుంది. గూట్ అని ఆపేయాలి, గూటు కాదు. మూడు, ద్విత్వాలు. వాళ్ల రాతలో ఒకే హల్లు రెండుసార్లు కనిపిస్తే దాని ముందున్న అచ్చు పొట్టిది అని గుర్తు, అంతే. హల్లును నొక్కకూడదు. రావడం అనే కొమెన్‌ను మన కొమ్మలాగా కొమ్మెన్ అంటాం, ఇది బాగా పాతుకుపోయే తప్పు. నాలుగు, మాట చివరి బ, డ, గలు ప, ట, కలుగా మారతాయి. రోజు అనే మాట రాతలో గతో ముగుస్తుంది, పలికేది టాక్ అని.

డేర్, డీ, డస్

జర్మన్ నామవాచకం ముందు దాని లింగాన్ని చెప్పే డేర్, డీ, డస్‌లలో ఒకటి వస్తుంది. తెలుగు ఇక్కడ సాయపడదు, దాచి లాభం లేదు. మనకు బల్ల, కుర్చీ, తలుపు అన్నీ అమహత్తే. జర్మన్‌లో బల్ల పుంలింగం (డేర్ టిష్), తలుపు స్త్రీలింగం (డీ), కిటికీ నపుంసకం (డస్). అర్థం చూసి ఊహించొద్దు. ఆడపిల్ల అనే మాటే నపుంసకలింగం, ఎందుకంటే శెన్ అనే ప్రత్యయంతో ముగిసే మాటలన్నీ నపుంసకమే. ఇలా పనికొచ్చే గుర్తులు కొన్నున్నాయి. ఉంగ్, హైట్, కైట్, షఫ్ట్, త్సియోన్‌తో ముగిసేవి స్త్రీలింగం. సోమవారం, మంగళవారం లాంటి వారాల పేర్లు, నెలలు, ఋతువులు పుంలింగం.

మిగతావన్నీ మాటతో పాటే మింగాలి. పదాల కార్డు ఇలా తయారుచేయండి: ముందు వైపు తెలుగు అర్థం, వెనక వైపు లింగసూచకంతో సహా మాట, దాని బహువచనం, ఒక చిన్న వాక్యం. పుంలింగానికి నీలం, స్త్రీలింగానికి ఎరుపు, నపుంసకానికి ఆకుపచ్చ సిరా వాడండి. కొన్ని వారాల్లో మాట గుర్తురాగానే రంగు కూడా గుర్తొస్తుంది. బహువచనం కూడా రాయమంటున్నది ఎందుకంటే మనకు లు చేరిస్తే సరిపోతుంది గానీ వాళ్లకు టాక్–టాగె, కింట్–కిండర్, ఫ్రావ్–ఫ్రావెన్, అవుటొ–అవుటోస్ అని రకరకాలు. గోఠె సంస్థ ఏ1 పరీక్షకు ఇచ్చే పదాల జాబితా సుమారు 650. రెండు సెమిస్టర్ల 30 వారాలకు పంచితే వారానికి 22. రోజుకు నాలుగైదు కార్డులు ఎవరైనా చేయగలరు. పరీక్ష ముందు వారంలో 300 మాత్రం ఎవరూ చేయలేరు.

విభక్తి, క్రియ: తెలుగు చేతికందే చోటు

సాధారణంగా ఐదారు వారాలకు ద్వితీయా విభక్తి వస్తుంది, క్లాసులో చాలామంది అక్కడే తడబడతారు. నేను, నన్ను, నాకు అన్న మూడు మాటలు జర్మన్‌లో ఇశ్, మిశ్, మీర్. మీర్ అంటే నాకు, మన మీరు కాదు. ఇంగ్లీషులో నన్ను, నాకు రెంటికీ ఒకే మాట ఉంది కనుక ఇంగ్లీషు గుండా వెళ్లేవాళ్లకు ఇది కొత్త భావన. మనకు పాతదే.

ఇంకా ముందుకెళ్లండి. నాకు చలిగా ఉంది అనడానికి మీర్ ఇస్ట్ కల్ట్. అది నాకు నచ్చింది అనడానికి డస్ గెఫెల్ట్ మీర్. తెలుగు ఎలా కట్టామో అలాగే ఉంది. ఇంగ్లీషులో అనుకుని ఇశ్ బిన్ కల్ట్ అంటే నా మనసు రాయి అన్న అర్థం వస్తుంది. దీన్ని అన్నిచోట్లా లాగకండి. నాకు అన్న ఉన్నాడు, నాకు ఆకలిగా ఉంది అనేచోట వాళ్లు కలిగి ఉన్నాను అనే హాబె వాడతారు: ఇశ్ హాబె హుంగర్. నాకు జర్మన్ వచ్చు అనడానికి ఇశ్ కన్ డొయిచ్.

మనవాళ్లు ప్రత్యేకంగా చేసే తప్పొకటుంది. తెలుగులో మనుషులకు ను చేరుస్తాం గానీ వస్తువులకు వదిలేస్తాం. తమ్ముణ్ణి చూశాను అంటాం, సినిమా చూశాను అంటాం. జర్మన్‌లో వస్తువుకైనా విభక్తి వదలకూడదు. సినిమా డేర్ ఫిల్మ్, కాబట్టి చూసింది డేన్ ఫిల్మ్. రాసేటప్పుడు మనసులో ప్రతి కర్మకూ ను తగిలించి చూడండి: సినిమాను చూశాను, కాఫీని తాగాను. ను పడితే అది ద్వితీయ. తర్వాత మార్చాల్సింది పుంలింగం ఒక్కటే: డేర్ డేన్ అవుతుంది, ఒక అనే ఐన్ ఐనెన్ అవుతుంది. డీ, డస్ మారవు.

లో, కి తేడా కూడా ఇలాంటిదే. లైబ్రరీకి వెళ్తున్నాను అన్నప్పుడు ఇన్ డీ బిబ్లియొటేక్, లైబ్రరీలో ఉన్నాను అన్నప్పుడు ఇన్ డేర్ బిబ్లియొటేక్. ఇన్ తర్వాత చోటు పేరు వస్తే, తెలుగులో కి పడేచోట ద్వితీయ, లో పడేచోట మీర్ లాంటి మూడో రూపం.

ఇక క్రియ. నేను రేపు బస్సులో బెర్లిన్‌కి వెళ్లాలి. ఇశ్ ముస్ మోర్గెన్ మిట్ డేమ్ బుస్ నాఖ్ బెర్లీన్ ఫారెన్. వరస చూడండి: ఎప్పుడు, ఎలా, ఎక్కడికి, చివర వెళ్లడం. తెలుగు వాక్యం ఎక్కడిదక్కడే ఉంది. వెళ్లాలి అనే మాట చివర ఉన్న -ఆలి మాత్రం విడిపోయి ముస్‌గా రెండో స్థానానికి వచ్చింది. వాక్యం కట్టే పద్ధతి ఇదే: ముందు తెలుగులో అనుకోండి, కర్తను బట్టి రూపం మారే ముక్కను రెండో స్థానంలో పెట్టండి, మిగిలిన క్రియను చివరే ఉంచండి. భూతకాలానికీ, విడిపోయే క్రియలకూ ఇదే సూత్రం. ఆరింటికి లేస్తాను అంటే ఇశ్ ష్టేఎ ఉమ్ జెక్స్ ఊర్ అవుఫ్, లేవడంలోని అవుఫ్ చివర నిలబడుతుంది. రెండో స్థానం అంటే రెండో మాట కాదు, రెండో ముక్క. ఈరోజు అనే హొయిటెతో వాక్యం మొదలైతే వెంటనే క్రియ, ఆ తర్వాతే ఇశ్. హొయిటె ఇశ్ అన్న క్షణమే మార్కు పోయినట్టు.

కాదనడానికి రెండు మాటలున్నాయి, కైన్, నిశ్ట్. మన లేదు, కాదు తేడాతో వీటిని జత కట్టకండి, కుదరదు. ఒకానొక నామవాచకాన్ని కాదంటే కైన్, మిగతా అన్నిటికీ నిశ్ట్. పుస్తకం లేదు అన్నా, ఇది పుస్తకం కాదు అన్నా కైన్ బూఖే.

మీరు అనే మన మాటకు అక్కడ రెండున్నాయి. టీచర్‌తో, ఆఫీసులో జీ. స్నేహితులు పదిమంది కలిసుంటే ఈర్. ఒక్కడే స్నేహితుడైతే డూ.

అంకెలు, గడియారం

ఇరవై ఒకటిని వాళ్లు ఒకటీ-ఇరవై అంటారు. ఫోన్ నంబరు జంటలుగా చెబితే ఎడమ అంకె ముందు వినపడదు. వినగానే కుడి అంకె రాసి, దాని ఎడమన ఖాళీ వదిలి, రెండోది విన్నాక నింపండి. హాల్ప్ డ్రై అంటే మూడున్నర కాదు, రెండున్నర. మూడో గంటలో సగం అయిందని దాని భావం. అపాయింట్‌మెంటు టైమ్ ఎప్పుడూ 14:30 లాగా తిరిగి చెప్పి ఖాయం చేసుకోండి.

ఇంగ్లీషులా వినపడే మాటల దగ్గర ఆగండి. గిఫ్ట్ అంటే విషం. వేర్ అంటే ఎవరు, వో అంటే ఎక్కడ. బెకొమెన్ అంటే అందుకోవడం. ఆల్జో అంటే కాబట్టి.

వారం ఎలా గడవాలి

క్లాసైన రోజు రాత్రే 40 నిమిషాలు కూర్చుని అభ్యాసాల పుస్తకం పూర్తిచేయండి. మర్నాటికి వాయిదా వేస్తే అదే పనికి రెట్టింపు సమయం పడుతుంది. రోజూ 15 నిమిషాలు కార్డులు, ట్రామ్‌లోనే. వారాంతంలో ఒక గంట వినడం. డొయిచె వెలె సంస్థ ఉచిత ఏ1 పాఠాలు దీనికి బాగుంటాయి. మరో గంట రాయడం: ఆ వారం వచ్చిన వ్యాకరణంతో పది వాక్యాలు, మీ నిజమైన రోజు గురించే.

ఎక్కువమంది వదిలేసేది నవంబర్ చివర, ప్రాజెక్టులు మీద పడ్డప్పుడు. తర్వాత డిసెంబర్ 24 నుంచి జనవరి మొదటి వారం దాకా క్రిస్మస్ సెలవులు, తిరిగొచ్చేసరికి నేర్చుకున్నది జారిపోతుంది. ఆ రెండు వారాలు కార్డులు మాత్రం ఆపకండి. హాజరు నియమం చాలాచోట్ల 75–80 శాతం. 30 క్లాసుల్లో 80 శాతమంటే ఆరు మానొచ్చు. ఆ ఆరూ అక్టోబర్, నవంబర్‌లలోనే వాడేస్తే జనవరిలో జ్వరమొచ్చినా సెలవు మిగలదు.

తెలుగువాళ్లతో కలిసి ఉండేవాళ్లకు ఇంట్లో జర్మన్ వినపడదు. భాషా కేంద్రంలోనే టాండెమ్ జతలు కుదురుస్తారా అని అడగండి. తెలుగో హిందీయో ఇంగ్లీషో నేర్చుకోవాలనుకునే జర్మన్ విద్యార్థితో వారానికి గంట, సగం మీ భాష, సగం వాళ్లది. దాంతోపాటు బేకరీకి వెళ్లండి. ఇశ్ హెటె గెర్న్ అని మొదలుపెట్టి కావలసింది చెప్పి చివర బిటె అనండి. తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే: పట్టుకెళ్తారా, ఇంకేమైనా కావాలా, కార్డా నగదా. ఒకే సంభాషణ ఇరవైసార్లు జరిగే చోటు కొత్తవాళ్లకు మంచి బడి. మీ యాస చూసి వాళ్లు ఇంగ్లీషులోకి మారితే నవ్వుతూ జర్మన్‌లోనే కొనసాగించండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పరీక్ష

కోర్సుకు రిజిస్టర్ అయినంత మాత్రాన పరీక్షకు రిజిస్టర్ అయినట్టు కాదు. చాలాచోట్ల పరీక్షకు వేరే గడువు ఉంటుంది. అది దాటితే సెమిస్టరంతా వచ్చినా రాయనివ్వరు. మార్కులు 1.0 నుంచి 5.0 దాకా. 1.0 అత్యుత్తమం, 4.0 దాకా పాస్.

యూనివర్సిటీ మార్కుల కాగితం పై బ్యాచ్‌లో చేరడానికి సరిపోతుంది. పెళ్లయి, విద్యార్థిగా ఉండగానే భార్యనో భర్తనో తీసుకురావాలనుకుంటే, వీసాకు సాధారణంగా ఆ వచ్చేవాళ్లు గోఠె, టెల్క్, ఓఎస్‌డీ లాంటి గుర్తింపు ఉన్న సంస్థ ఏ1 సర్టిఫికెట్ చూపించాలి. గోఠె ఏ1 పరీక్షలో వినడం సుమారు 20 నిమిషాలు, చదవడం 25, రాయడం 20, మాట్లాడటం గుంపుగా 15. వందకు 60 వస్తే పాస్.

వినడంలో మొదటి, మూడో భాగాలు రెండుసార్లు వినిపిస్తారు. రెండో భాగం, స్టేషన్‌లో చేసే ప్రకటనల లాంటివి, ఒక్కసారే. ప్రశ్న ముందే చదివి అంకె కావాలా, చోటు కావాలా తేల్చుకున్నాకే చెవి పెట్టండి. రాయడంలో ఒక ఫారంలో ఐదు ఖాళీలు, ఒక 30 మాటల చిన్న లేఖ. లేఖలో చెప్పమన్న విషయాలు మూడుంటాయి. అందమైన వాక్యాలు రాసి ఒక విషయం మరిచిపోయినవాళ్లకన్నా మూడింటికీ మూడు చిన్న వాక్యాలు రాసినవాళ్లకే ఎక్కువ మార్కులు. సంబోధన తర్వాత కామా, ఆ తర్వాతి పంక్తి చిన్న అక్షరంతో. నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో. డూతో మొదలుపెట్టిన లేఖ జీలోకి మారకూడదు.

మాట్లాడటంలో మొదట మీ పరిచయం: పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, చదువు లేదా పని, ఇష్టాలు. తర్వాత ఏదో ఒక మాటను అక్షరాలుగా చెప్పమంటారు, ఒక నంబరు చెప్పమంటారు. మొదటి వారంలో ఫావ్, ఏ, ఎన్, కా అంటూ పైకి అన్నది అక్కడ నేరుగా మార్కులవుతుంది. ఆపైన కార్డు మీది మాటతో పక్కవాళ్లను ప్రశ్న అడగాలి, బొమ్మ చూసి ఏదో ఒకటి ఇవ్వమని కోరాలి. తడబడితే ఇంగ్లీషులోకి వెళ్లకండి. ఎన్ట్‌షుల్డిగుంగ్, నోఖ్ మాల్ బిటె (క్షమించండి, ఇంకోసారి) అనండి. ఎదుటివాళ్లు అదే ప్రశ్నను మళ్లీ చెబుతారు.